గోళ్ళలో మట్టి

పెద్ద మెకానిక్కు బావని ఇద్దరు మనుషులు చంకల్లో చేతులు వేసి మెట్ల మీదుగా పైకి ఈడ్చుకుపోయారు. అతని తిట్లు మెట్టు మెట్టుకీ సన్నబడి, పై తలుపు పడ్డాక తెగిపోయాయి. ఇప్పుడా ఇరుకు దారిలో మిగిలింది ఆమె, ఓడ వంటాయన, ఇంజను గది ఇనప తలుపు, ఆమె చేతిలో ఇనప గొట్టం. ఆ గొట్టం తలుపు గడియలు బిగించడానికి ఇచ్చినది, మనుషుల చేతులు విరగ్గొట్టడానికి కాదు. బావ కుడిచెయ్యి పై గడియ మీద పడింది, తియ్యమని ఆమె చెప్పింది, మళ్ళీ చెప్పింది, ఆ తరవాత చెప్పకుండా కొట్టింది. ఎముక విరిగిన సంగతి చెవికన్నా ముందు అరచేతికి తెలిసింది, అరచెయ్యి ఇంకా జివ్వుమంటూనే ఉంది. ఓడలో కెప్టెన్ తరవాత ఆమే పెద్ద. భుజాల మీద చారలున్నాయి, గదిలో అలమర నిండా ఆమె రాసిన పుస్తకాలున్నాయి, వాటి వెనక అట్టల మీద ఒద్దికగా నవ్వే ఫొటో ఉంది. ఆ ఫొటో చూసి మురిసిపోయే పాఠకులు ఇప్పుడొచ్చి చూస్తే బాగుండును. పొలంలో పెరిగిన చెయ్యి, ఎద్దు పలుపు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి, ఎన్ని చారలు కుట్టినా దెబ్బ వేసే దగ్గరికొచ్చేసరికి తన పాత కొలతే గుర్తుపెట్టుకుంది.

తలుపుకి అవతల మంట. మధ్యాహ్నం అన్నాలు అయ్యాయో లేదో నూనె గొట్టం ఒకటి పగిలి కాలుతున్న ఇంజను మీద చిమ్మింది, చూస్తూండగానే గదంతా అంటుకుంది. నీళ్ళకి లొంగలేదు, నురగకి లొంగలేదు. చివరికి మిగిలింది వాయువు. సీసాల్లో బిగించిపెట్టిన ఆ వాయువుని లోపలికి వదిలితే మంటకి ఊపిరి అందదు. మంటకీ మనిషికీ తేడా దానికి తెలియదు కాబట్టి అందర్నీ బయటికి తెచ్చి, తలుపులు బిగించి, అప్పుడు వదలాలి. వదిలాక గంటసేపు తలుపు ముట్టకూడదు. తొందరపడి తెరిస్తే బయటి గాలి లోపలికి పోతుంది, చచ్చిందనుకున్న మంట లేచి కూర్చుంటుంది, రెండోసారి చంపడానికి సీసాల్లో ఏమీ మిగిలి ఉండదు. ఇంజను గది గోడని ఆనుకునే ఫిరంగి గుళ్ళూ మందుగుండూ పేర్చిన గది. అది వేడెక్కిందంటే ఓడా ఉండదు, ఓడ ఏమైందో చెప్పడానికి మనిషీ ఉండడు. నిద్రలో లేపి అడిగినా ఇవన్నీ ఆమె తడుముకోకుండా చెబుతుంది. వాయువు వదలమన్నదీ ఆమే.

అందరూ బయటికి వచ్చేశారన్న మాట మీద వదలమంది. మెట్ల దగ్గర నిలబెట్టి ఒక్కొక్కర్నీ పిలిచారు. ఉడుత అని పిలిస్తే ‘ఉన్నాడు’ అని జవాబు వచ్చింది. పలికింది ఉడుత కాదు, బావ. మనిషి దూరని గొట్టాల సందుల్లోకి దూరి మరలు బిగించి వచ్చే ఆ సన్నటి మెకానిక్కుకి ఉడుత అన్న పేరు ఓడెక్కిన రోజే పడింది. పెద్ద మెకానిక్కు అతని అక్క మొగుడు. ఉడుత నోరు తెరిస్తే బావా బావా అంటూ ఉంటాడు కాబట్టి అతను ఓడ మొత్తానికీ బావ అయిపోయాడు, కెప్టెన్ కూడా ఒకసారి నోరు జారి ‘బావా, ఆ ఇంజను సంగతేమిటి’ అని అడిగి తల పక్కకి తిప్పుకున్నాడు. ఏ హాజరుకీ ఉడుత వేళకి రాడు. వచ్చేదాకా బావ ‘ఉన్నాడు’ అంటూ ఉంటాడు. వరసలో అందరూ నవ్వుకుంటారు, ఆమె కూడా ఎన్నోసార్లు విననట్టే పోయింది. పెళ్ళాం తమ్ముడి కోసం మనిషి ఆ మాత్రం చెయ్యడా అనుకుంది. ఈవేళ కూడా ఆ మాట బావ నోట్లోంచి అలవాటుగా దొర్లిపోయింది. వాయువు బుస్సుమని లోపలికి పోవడం మొదలయ్యాక అతను పక్కకి తిరిగి ఉడుత కోసం చూశాడు.

బూట్ల అడుగునుంచి వేడి ఎక్కుతోంది. తలుపు మీద తెల్ల రంగు పొక్కులు పొక్కులుగా లేస్తోంది, ఒక పొక్కు పగిలి సన్నగా పొగ వచ్చింది. ఇలా కాళ్ళ కింద నేల వెచ్చగా ఉండడం ఆమెకి కొత్త కాదు. ఇంటి పెరట్లో ధాన్యం పాతర మీద కప్పిన మట్టి కూడా కాళ్ళకి ఇలాగే వెచ్చగా తగిలేది, ఆ వెచ్చదనం కోసమే తనూ తమ్ముడూ చెప్పులు విప్పి పోటీలు పడి నిలబడేవాళ్ళు. రెండు నిలువుల లోతున గొయ్యి తవ్వి, గోడలు అలికి, ధాన్యం పోసి, మూతేసి మట్టి కప్పేవాడు నాన్న. నెలల తరబడి ధాన్యం ఊపిరి పీల్చుకుంటూ లోపలి గాలినంతా తినేస్తుంది. మిగిలేది చచ్చిన గాలి, ఇంట్లో దాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. అందుకే నాన్న పొద్దున మూత తీసి సాయంత్రం దాకా ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు, ముందు దీపాన్ని తాడు కట్టి దించేవాడు, దీపం ఆరిపోతే ఆ పూటకి పని లేదు. పక్క పొలం వాళ్ళ పాతరలోకి ఒకడు దిగి పడిపోతే వాణ్ణి తియ్యడానికి ఇంకొకడు, వాణ్ణి తియ్యడానికి మరొకడు, ముగ్గురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఉన్నారట. ఆ కథ చెప్పి చెప్పి నాన్న పిల్లల్ని హడలగొట్టేవాడు. కథ అర్థం కాకపోతే వీపు మీద చరిచి అర్థమయ్యేలా చెప్పేవాడు.

అప్పుడు తలుపు లోపలినుంచి చప్పుడు వచ్చింది. రెండు దెబ్బలు పొడుగ్గా, ఒకటి పొట్టిగా. ఆమె గొట్టం పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. వంటాయన నిప్పుకి ఆగే బరువు కోటు తొడుక్కుని, నీళ్ళ గొట్టం చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు, ఓడలో మంట లేస్తే వంటవాడు కూడా మంట ఆర్పే మనిషే.

“ఇనుము చల్లారేటప్పుడు అలాగే అంటుంది మేడమ్” అన్నాడు అతను.

“కాదు.”

“కాదని నాకూ తెలుసు.” నీళ్ళ గొట్టం రెండో చంకలోకి మార్చుకుని మళ్ళీ అతనే అన్నాడు. “భోజనాల వేళ దాటాక నా కిటికీ మీద అచ్చం ఇలాగే కొడతాడు. రెండు పొడుగు, ఒకటి పొట్టి. మిగిలిందేముంది మావా అంటాడు. తిట్టి పెడతాను. పెట్టకుండా ఎప్పుడూ పంపలేదు.”

బతికే ఉన్నాడు. పారిపోయే వేళ తలకి తగిలించుకునే చిన్న గాలి సీసా ఒకటి లోపల గోడకి ఉంటుంది, అది తగిలించుకుని ఉంటాడు. అందులో గాలి కాసేపే వస్తుంది, గంట రాదు. నూనె ఆపడానికి ఏ సందులోకో దూరి ఉంటాడు వెధవ, అందరూ బయటికి పరిగెత్తుతుంటే వీడు లోపలికి పరిగెత్తి ఉంటాడు, మెచ్చుకోమని అడిగేవాడిలా ఇప్పుడొచ్చి తలుపు కొడుతున్నాడు. పైకి పోయే ఇంకో నిచ్చెన దారి ఉంది కాని మంట పుట్టిందే అక్కడ, ఆ మూత వేడికి వంకరపోయి బిగుసుకుంది. ఉన్నది ఈ తలుపే. ఆమె గోడకి ఉన్న ఫోను తీసి కెప్టెన్‌కి చెప్పింది. ఉడుత బతికి ఉన్నాడు, తలుపు కొడుతున్నాడు. ఫోనులో కెప్టెన్ ఊపిరి వినిపించింది. ‘తెరుస్తావా’ అన్నాడు. ‘తెరవను’ అంది. ఆయన ఫోను పెట్టేశాడు. పెద్దవాళ్ళకి అదొక సుఖం, అడిగితే చాలు, జవాబు ఇంకొకరి నోట్లోంచి వస్తుంది.

ఆ రోజు పాతరలోంచి తమ్ముడు ‘అక్కా’ అన్నాడు. రెండుసార్లు అన్నాడు. మొదటిసారి మామూలుగా, బుట్ట అందించమన్నట్టు. రెండోసారి ఆ మాట నోరంతా తెరుచుకుని వచ్చింది, సగంలో ఎవరో లాక్కున్నట్టు తెగింది. నాన్న మూత తీసి బండి సంగతి చూడ్డానికి పక్కకి పోయిన పూట అది, మొదటి బుట్ట తనే తియ్యాలని వాడు తాడు పట్టుకుని జారిపోయాడు. ఆమె పాతర అంచున దీపం పట్టుకుని ఉంది. లోపల గోళ్ళతో మట్టిగోడని గీరుతున్న చప్పుడు, ఎలక గీరినట్టు, ఆ తరవాత అదీ లేదు. నాన్న కాడి దగ్గరినుంచి విన్నాడు, పరిగెత్తుకొచ్చాడు, అంచున ఆగిపోయాడు. పశువుల కొట్టంలోంచి అమ్మ వచ్చేసరికి అంతా నిశ్శబ్దం. అమ్మ ఒక్క చూపులో గ్రహించి దూకబోయింది. నాన్న జుట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చాడు. అమ్మ అతని చెయ్యి కొరికింది, రక్తం వచ్చింది, నాన్న చెంప మీద పీకాడు, అమ్మ పడింది, లేచింది, మళ్ళీ పాతర మీదికి ఉరికింది. ఈసారి నాన్న పిడికిలితో కొట్టి, ఎద్దు పలుపు తెచ్చి బండి చక్రానికి కట్టేశాడు. ‘దీపం దించవే’ అన్నాడు కూతురితో. దించింది. ఆరిపోయింది. ‘వెలిగించి మళ్ళీ దించు.’ దించింది. ఆరిపోయింది. అమ్మ చక్రానికి తల బాదుకుంటోంది, దీపం ఆరిపోతోంది, నాన్న చేతిలోంచి రక్తం మట్టిలో పడుతోంది, ఆ మధ్యాహ్నం ఎంతసేపు ఉందో ఇప్పటికీ ఆమె ఏ గడియారంతోనూ కొలవలేకపోయింది.

తలుపు మళ్ళీ మోగింది. ఈసారి గట్టిగా, వరసగా. చేతిలో రెంచీ ఏదో ఉన్నట్టుంది. ప్రతి దెబ్బా తలుపులోంచి గొట్టంలోకి, గొట్టంలోంచి ఆమె మోచేతిలోకి వస్తోంది. ఆపరా అనుకుంది. ఆపు, చచ్చినవాడా, విన్నాను, ఆపు. ఇంత కోపం ఎక్కడినుంచి వస్తోందో ఆమెకి తెలియలేదు. వాడు కొట్టకుండా ఉంటే, మర్యాదగా అక్కడే ఎక్కడో పడిపోయి ఉంటే, ఈ గంట కష్టంగా ఉండేది కాని గడిచేది. కొట్టడం వాడి తప్పు. బతకాలనుకోవడం వాడి తప్పు. ఇలా అనుకుంటున్నది తనేనా అనిపించింది. కిందికి చూస్తే ఎడమచెయ్యి కింది గడియ మీద ఉంది. ఎప్పుడు పోయిందో తెలియదు, దాని పాటికది పోయింది. వంటాయన ఆ చేతినే చూస్తున్నాడు. అతను తెరవమనడం లేదు, వద్దనడం లేదు. ఆమె కుడిచేతిలోని గొట్టంతో ఎడమచేతి వేళ్ళ మీద కొట్టుకుంది. గోరు చిట్లింది. చెయ్యి వెనక్కి వచ్చింది. చెప్పిన మాట వినని చేతిని దారికి తెచ్చే పద్ధతి ఇంట్లో నేర్చుకున్నదే.

ఆ ఇంట్లోంచి పారిపోవడానికే ఓడ ఎక్కింది. మట్టి లేని చోటు కావాలనిపించింది, అలాంటి చోటు సముద్రం ఒక్కటే కనిపించింది. శిక్షణలో తోటివాళ్ళు ఆమె నడక చూసి మట్టి అని పేరు పెట్టారు, దున్నిన చేలో చాళ్ళు దాటుతున్నట్టు అడుగులు వేస్తుందట. ఆ మాట అన్న ఒకడి ముక్కు ముష్టియుద్ధం పాఠంలో పగలగొట్టింది, పాఠంలో కాబట్టి మార్కులు కూడా వేశారు. తుపాకులు నేర్చుకుంది, తుఫానులు చూసింది, సరుకు దొంగల పడవ మీదికి మొదటి మనిషిగా దూకి ఒకడి దవడ మోకాలితో చితక్కొట్టింది. కాపలాలు లేని వేళ తన గదిలో కూర్చుని రాసింది. రాస్తున్నప్పుడు మాత్రమే ఆమెకి చేతులు చల్లగా ఉండేవి. మొదటి పుస్తకంలో ఏదీ దాచలేదు. పాతర, దీపం, పలుపు, అమ్మ పళ్ళ గాట్లు, అన్నీ రాసింది. ‘మా నాన్న రెండు పనులకే నోరు తెరిచేవాడు, అన్నానికీ అబద్ధానికీ’ అన్న వాక్యంతో పుస్తకం మొదలవుతుంది. ఆ వాక్యం కింద గీతలు గీసుకున్నవాళ్ళు ఎందరో. ఓడలో బావ కూడా ఒక ప్రతి కొనుక్కున్నాడు, నూనె అంటకుండా గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు, సంతకం పెట్టించుకుంటూ ‘ఎవర్నీ వదల్లేదు మేడమ్ మీరు’ అన్నాడు. ఆమెకి ఎంత గర్వంగా అనిపించిందో.

ఆ అబద్ధం ఏమిటంటే గోళ్ళు. దీపం ఆరకుండా నిలిచాక నాన్న దిగి తమ్ముణ్ణి భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. వెంటనే అమ్మ కట్లు విప్పలేదు. వాణ్ణి నీళ్ళతొట్టి పక్కకి తీసుకుపోయి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, చీపురుపుల్ల విరిచి, ఒక్కొక్క గోరులోంచీ మట్టి తీశాడు. గోడ గీరిన మట్టి అది, ఎర్రగా లోపలిదాకా కూరుకుపోయింది. పది వేళ్ళూ తుడిచి, కడిగి, అప్పుడు అమ్మని విప్పాడు. ‘వాడు నన్ను పిలిచాడా’ అని అడిగింది అమ్మ, వాపెక్కిన పెదాలతో. ‘పిలవలేదే’ అన్నాడు నాన్న. ‘గాలి తగలగానే నిద్రపోయినట్టు పోయాడు.’ చెబుతూ కూతురి వైపు ఒకసారి చూశాడు. ఆ చూపుకి భయపడి ఆమె ఏళ్ళ తరబడి నోరు మూసుకుంది. పుస్తకంలో తెరిచింది. సాక్ష్యం కడిగేశాడని రాసింది. అమ్మ ఆ పుస్తకాన్ని అక్షరాల కింద వేలు పెట్టుకుని, రోజుకింత చొప్పున మొత్తం చదివింది.  చదవడం అయిన రోజునుంచి ఇంట్లో ఏ తలుపూ వెయ్యనివ్వలేదు. వానలోనూ వెయ్యనివ్వదు, చలిలోనూ వెయ్యనివ్వదు, ఇప్పటికీ అంతే. సెలవుకి తెల్లటి నౌకాదళం బట్టల్లో దర్జాగా ఇంటికి వెళ్ళిన కూతుర్ని నాన్న గుమ్మంలోనే చాచిపెట్టి కొట్టాడు. పెదవి పగిలి తెల్ల చొక్కా మీద రక్తం పడింది. ‘గోళ్ళ సంగతి నీకెందుకే’ అన్నాడు.  దొరికిపోయిన దొంగ కోపం అనుకుంది. ఆ రక్తం మరక చొక్కాకి ఉంచేసి, దాని మీద కూడా ఒక కథ రాసింది. నాన్న పోయినప్పుడు సముద్రంలో ఉంది, ఉన్నందుకు లోలోపల సంతోషించింది.

దెబ్బలు పల్చబడ్డాయి. రెంచీ చేతిలోంచి జారిపోయినట్టుంది, ఇప్పుడు అరచేతితో కొడుతున్నాడు. ఆ తరవాత గీరుతున్నాడు. ఇనుము మీద గోళ్ళ చప్పుడు మట్టి మీద చప్పుడులా ఉండదు, సన్నగా పళ్ళు పులిసేలా ఉంటుంది. వంటాయన రెండు చేతులతో చెవులు మూసుకుని గోడవైపు తిరిగిపోయాడు. ఆమె మూసుకోలేదు. మూసుకోకూడదు అనిపించింది, ఎందుకో చెప్పలేకపోయినా, వాడు చేస్తున్న చప్పుడు వినే మనిషి ఒకరైనా ఉండాలి. తలుపుకి నుదురు ఆనించింది. చర్మం చుర్రుమంది. ‘ఉన్నాన్రా’ అంది, అది వాడికి వినపడదని తెలిసే. గీరడం ఆగింది. మళ్ళీ ఒకసారి మొదలైంది, చాలా కిందనుంచి, నేలకి దగ్గరగా. ఆగింది. ఆమె ఎదురుచూసింది. ఇంకోసారి గీరమని కోరుకుంది, ఇందాక ఆపమని తిట్టిన నోటితోనే. ఏమీ లేదు. గంటలో ఇంకా బోలెడు మిగిలి ఉంది. ఆ మిగిలినదంతా ఆమె గొట్టం పట్టుకుని, నుదుటి మీద బొబ్బతో, అక్కడే నిలబడింది. మంట కూడా చచ్చేదాకా ఆగాలి.

గంట నిండాక, తలుపు మీద చెయ్యి ఆనేంత చల్లబడ్డాక, ముఖాలకి గాలి ముసుగులు తగిలించుకుని ఇద్దరూ గడియలు తీశారు. మంట లేదు. నల్లటి నీళ్ళు, వేలాడే తీగలు. తలుపు వారనే ఉడుత కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళు ముడుచుకుని, తల గుమ్మం అంచుకి ఆనించి. సరిగ్గా ఆమె నుదురు ఆనించిన చోటికి దిగువనే, మధ్యలో ఇనుము. తలుపు లోపలి వైపు రంగు గీతలు గీతలుగా లేచిపోయింది, పైనుంచి కిందిదాకా. వంటాయన ఏమీ చెప్పించుకోకుండా మసి తీసి ఆ గీతల మీద రుద్దాడు. వాణ్ణి మోసుకొచ్చి పై మెట్ల దగ్గర, గాలి బాగున్న చోట పడుకోబెట్టారు. తన ముసుగు తీసి వాడి చేతులు చూసింది. గోళ్ళ నిండా తెల్ల రంగు పెచ్చులు, లోపలిదాకా కూరుకుపోయి. రెండు గోళ్ళు ఊడి వేలాడుతున్నాయి. కెప్టెన్‌కి తెలుసు, విచారణలో అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, అది ఉద్యోగం. కాని పైనుంచి బావ గొంతు వినిపిస్తోంది, వదలండ్రా అంటున్నాడు, ఎవరో వద్దంటున్నారు. ఆమె జేబులు తడుముకుంది. మొనదేలినది పెన్ను ఒక్కటే ఉంది. తల ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మొనతో ఒక్కొక్క గోరులోంచీ పెచ్చులు తీసింది. ఊడిన గోళ్ళని సర్ది, గుడ్డ తడిపి పది వేళ్ళూ తుడిచింది. చేతులు వణకలేదు. నాన్న చేతులు కూడా ఆ రోజు వణకలేదని అప్పుడు గుర్తుకొచ్చింది, చీపురుపుల్ల మాత్రం రెండుసార్లు విరిగింది.

బావ మెట్లు దిగి వచ్చాడు. విరిగిన కుడిచెయ్యి మెడకి కట్టి ఉంది. ఆమె లేచి నిలబడబోయింది, అతను వద్దన్నట్టు తల ఊపి ఉడుత పక్కన చతికిలబడ్డాడు. వాడి నుదుటి మీది మసి తుడిచాడు.

“ఉన్నాడన్నాను మేడమ్” అన్నాడు. “నా నోటితో నేనే.”

“లేడన్నా వాయువు వదిలేదాన్ని. పక్కన మందుగుండు ఉంది.” అది నిజమో కాదో ఆమెకే తెలియదు. నిజం చెప్పేటప్పటికన్నా గొంతు నిబ్బరంగా వచ్చింది.

“మీ పుస్తకం చదివాను నేను. సొంత నాన్నని కూడా వదల్లేదు మీరు. అందుకే పైన ఎవర్నీ అడగలేదు, మిమ్మల్నే అడుగుతున్నా. వాడు తలుపు కొట్టాడా?”

వంటాయన కోటు బొత్తాలు విప్పుకుంటున్నవాడు ఆగిపోయాడు.

“కొట్టలేదు” అంది ఆమె. “గాలి తగలగానే నిద్రపోయినట్టు పోయాడు.”

“నేనూ ఇక్కడే ఉన్నాగా బావా” అన్నాడు వంటాయన. “చీమ చిటుక్కుమనలేదు.”

బావ తల ఊపాడు. ఎడమచేత్తో ఉడుత చెయ్యి అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. వేళ్ళు సవరిస్తూ సవరిస్తూ ఆగాడు. ఇంజను గదిలో పనిచేసేవాడి గోళ్ళు. పెళ్ళిచూపులకి కూడా నల్లగానే పోయిన గోళ్ళు, సబ్బు పెట్టి రుద్దినా పోవని వాళ్ళక్క నిత్యం తిట్టే గోళ్ళు. అంచులు చిట్లి, బియ్యపు గింజల్లా తెల్లగా ఉన్నాయి. అతను ఆ గోళ్ళని చూశాడు, ఆమె జేబు అంచున పెన్ను మొనకి అంటిన తెల్ల పెచ్చుని చూశాడు. పుస్తకం చదివిన మనిషి. ముఖంలో ఏదో విరిగింది, ఇందాక ఎముక విరిగినంత చప్పుడు కూడా లేకుండా. అరుస్తాడనుకుంది, కొడతాడనుకుంది, కొడితే నిలబడాలనుకుంది.

“మా ఇంటిది పట్టేస్తుంది మేడమ్” అన్నాడు నెమ్మదిగా. “దానికి తమ్ముడి చేతులు తెలుసు.”

అని, మెట్టు మీద పేరుకున్న ఇంజను నూనెలో బొటనవేలు ముంచి, ఉడుత చిటికెనవేలి గోటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క గోరులోకీ నలుపు ఎక్కించసాగాడు, ఎడమచేతి వాటం లేని మనిషి కాబట్టి తడబడుతూ. ఆమె అది చూస్తూ కూర్చుంది. పొలంలో తిరిగే తన తమ్ముడికి మాత్రం అంత తెల్లటి గోళ్ళు ఎక్కడినుంచి వస్తాయి. అమ్మ ఆ రోజు వాడికి స్నానం చేయించింది, చేతులు రుద్దింది. చూసే ఉంటుంది. చూసి, మొగుడు చెప్పిన మాటనే పట్టుకుని ఇద్దరూ అన్నేళ్ళు తలుపులు వేసుకుని నిద్రపోయారు, కూతురు నిజం రాసేదాకా. వాళ్ళ కోసం మట్టి తిరిగి పెట్టేవాళ్ళు ఆ రోజు ఎవరూ లేకపోయారు.

బావకి ఒక చెయ్యే ఉంది. ఆమె నూనెలో వేలు ముంచి ఉడుత రెండో చెయ్యి అందుకుంది.